పంక్ కవర్ పాటల స్ప్లిట్ సింగిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక చిన్న రికార్డు, రెండు బ్యాండ్లు, చెరో పక్క ఒక పాట. ఆ పాట వాళ్లది కాదు, ఇంకొకరి పంక్ (వేగంగా, గట్టిగా, పొట్టిగా వాయించే రాక్) పాట. అలా ఇంకొకరి పాటను మళ్లీ పాడితే దాన్ని కవర్ అంటారు. వినేవాళ్లు, కొనేవాళ్లు, సొంతంగా ఒకటి వేద్దామనుకునే బ్యాండ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. పాట హక్కులు, రికార్డు గాడి లెక్కలు అన్న రెండు చోట్ల జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి. ఇలాంటి రికార్డులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

స్ప్లిట్ సింగిల్ అంటే ఏమిటి?

ఒకే రికార్డును రెండు బ్యాండ్లు పంచుకుంటే స్ప్లిట్. మామూలు సింగిల్‌లో రెండు పక్కలూ ఒకే బ్యాండ్‌వి, స్ప్లిట్‌లో పక్కకొకరు. సాధారణంగా 7 అంగుళాల రికార్డు, నిమిషానికి 45 చుట్లు. మన ఇళ్లలో అటక మీద దొరికే పాత సినిమా పాటల ఈపీలదీ ఇదే సైజు. ఖర్చు సగం సగం పడుతుంది, ఒక బ్యాండ్ అభిమానులు రెండో బ్యాండ్‌ను కూడా వింటారు. పంక్, ఆల్టర్నేటివ్ రాక్ లోకంలో ఈ పద్ధతి పాతుకుపోవడానికి ప్రధాన కారణం ఈ రెండే.

మొదట ఏది వినాలి?

1988 డిసెంబరులో సియాటిల్‌లోని సబ్ పాప్ కంపెనీ వేసిన సోనిక్ యూత్ – మడ్‌హనీ స్ప్లిట్. కేటలాగ్ నంబరు ఎస్‌పీ26. ఈ రూపంలో ఇంతకన్నా మంచి పాఠం లేదు.

న్యూయార్క్ బ్యాండ్ సోనిక్ యూత్ మడ్‌హనీ పాట 'టచ్ మీ అయామ్ సిక్' పాడింది. సియాటిల్ బ్యాండ్ మడ్‌హనీ సోనిక్ యూత్ పాట 'హాలోవీన్' పాడింది. ఒకరి పాట ఒకరు మార్చుకున్నారన్నమాట. మడ్‌హనీ తమ పాటను సియాటిల్‌లోని రెసిప్రొకల్ రికార్డింగ్ స్టూడియోలో ఇంజనీరు జాక్ ఎండినో దగ్గర రికార్డు చేసి, అదే ఏడాది ఆగస్టులో మొదటి సింగిల్‌గా వదిలింది. అంటే నాలుగు నెలలు తిరిగేసరికి పాట ఇంకొకరి గొంతులో వచ్చేసింది. మడ్‌హనీ రికార్డులో మార్క్ ఆర్మ్ గొంతు చించుకుని అరుస్తాడు. సోనిక్ యూత్ రికార్డులో కిమ్ గోర్డన్ పాడుతుంది. మగవాడు అరిచిన మాటలనే ఆడగొంతు పలికేసరికి పాట అర్థమే తిరగబడుతుంది. మంచి కవర్ చేసే పని అదే.

అసలు రికార్డు దొరక్కపోయినా పాటలు దొరుకుతాయి. మడ్‌హనీ 'హాలోవీన్' 1990లో వచ్చిన 'సూపర్‌ఫజ్ బిగ్‌మఫ్ ప్లస్ ఎర్లీ సింగిల్స్' సంకలనంలో ఉంది. సోనిక్ యూత్ పాడినది 'డేడ్రీమ్ నేషన్' 2007 డీలక్స్ ముద్రణలో చేర్చారు. రెండు మూల పాటలు, రెండు కవర్లు వరుసగా పెట్టుకుని వినండి. ఎవరు ఎక్కడ వేగం తగ్గించారు, ఏ వాయిద్యాన్ని వెనక్కి నెట్టారు అన్నది చెవికి పట్టుబడుతుంది.

ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?

1991 జనవరిలో సబ్ పాప్ సింగిల్స్ క్లబ్‌లో (చందాదారులకు సింగిల్స్ పంపే పథకం) నిర్వాణ – ద ఫ్లూయిడ్ స్ప్లిట్ వచ్చింది. నిర్వాణ పక్కన ఉన్నది గ్లాస్గో బ్యాండ్ ద వాసలిన్స్ పాట, పోర్ట్‌లాండ్‌లో 1990 ఫిబ్రవరిలో వేదిక మీద రికార్డు చేసినది. మొత్తం 7,500 కాపీలు. అదే ఏడాది నిర్వాణ, మెల్విన్స్ కలిసి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పాటలు చెరొకటి పాడిన స్ప్లిట్‌ను కమ్యూనియన్ రికార్డ్స్ వేసింది. ఖచ్చితంగా లెక్క కడితే ఇవి పంక్ పాటలు కావు. వాసలిన్స్‌ది ఇండీ పాప్, వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పంక్‌కు తాత. కానీ పద్ధతి అదే.

అన్నట్టు, సింగిల్స్ క్లబ్ 1988 నవంబరులో మొదలైందే ఒక కవర్ పాటతో. నిర్వాణ మొదటి సింగిల్ మొదటి పక్కన ఉన్నది డచ్ బ్యాండ్ షాకింగ్ బ్లూ పాట. కొత్త బ్యాండ్‌ను కవర్‌తో పరిచయం చేయడంలో నామోషీ ఏమీ లేదని ఆ రికార్డే సాక్ష్యం.

కవర్‌కు ఏ పాట ఎంచుకోవాలి?

రెండు నిమిషాల లోపు పాట అయితే ఉత్తమం. ఎందుకన్నది గాడి లెక్కల దగ్గర తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, పాటకు వాయింపు కింద ఒక ఎముక ఉండాలి. గిటార్ ఫజ్ (గరగరలాడించే మోత), వేగం, అరుపు తీసేసి, ఒక్క అకూస్టిక్ గిటార్ మీద నెమ్మదిగా పాడి చూడండి. అప్పటికీ బాణీ నిలబడితే ఆ పాట కవర్‌కు పనికొస్తుంది. వేగం తీసేయగానే ఏమీ మిగలని పాటలు హార్డ్‌కోర్‌లో, అంటే పంక్‌లో మరీ వేగమైన శాఖలో, చాలా ఉన్నాయి. అవి మూల బ్యాండ్ చేతిలోనే అందంగా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

వందమంది ఇప్పటికే పాడేసిన పాట వద్దు. ఇక, హక్కుదారు ఎవరో తెలియని పాటను ఎంత ఇష్టమైనా పక్కన పెట్టండి. 1980ల మొదట్లో అమెరికాలో చిన్న చిన్న కంపెనీలు వేసిన పంక్ సింగిల్స్‌లో రచయితల పేర్లు మారుపేర్లతోనో, ఒట్టి బ్యాండ్ పేరుతోనో ఉంటాయి. పాట రచయితల రాయల్టీలు వసూలు చేసే ఆస్క్యాప్, బీఎంఐ సంస్థల పాటల పట్టికల్లో వెతికితే చాలావాటికి అసలు పేరు, పబ్లిషర్ (పాట హక్కులు చూసే సంస్థ) పేరు తేలుతుంది. అక్కడా తేలకపోతే మూల రికార్డు కంపెనీకి రాయాలి. పాట నేర్చుకోవడం మొదలుపెట్టకముందే ఈ వెతుకులాట పూర్తి చేయండి.

వాయించే తీరు ఎంతవరకు మార్చాలి?

మూలాన్ని అచ్చుగుద్దినట్టు వాయిస్తే వినేవాడు మూలమే వింటాడు. అలాగని నాలుగైదు సంగతులు ఒకేసారి మార్చేస్తే పాట ఆనవాలు పట్టలేం. ఒక్క పెద్ద మార్పు ఎంచుకుని మిగతా పాటను దానికి లోబడనివ్వండి.

పనిచేసే మార్పులు కొన్ని. డ్రమ్స్‌ను సగం వేగానికి దించి గిటార్‌ను మాత్రం అసలు వేగంలో ఉంచడం. గిటార్‌లను రెండు స్వరాలు కిందికి శ్రుతి చేయడం. దీనికి తీగలు మందంగా ఉండాలి. 10 గేజ్ (గేజ్ అంటే తీగ మందం కొలత) తీగలను సీ శ్రుతికి దించితే వదులైపోయి, గట్టిగా మీటినప్పుడల్లా స్వరం పైకి జారుతుంది. 12 లేదా 13 గేజ్ సెట్ వేసి, మెడ వంపు, ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి నిలిచేలా చేసే సర్దుబాటు) మళ్లీ సరిచేసుకోండి. పాడే గొంతును మార్చడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా బలమైనది. కిమ్ గోర్డన్ ఉదాహరణ పైన చెప్పుకున్నదే.

ఫజ్ గురించి ఒక మాట. మడ్‌హనీ 1988 ఈపీ పేరే గిటార్ శబ్దాన్ని మార్చే రెండు పెడల్స్ పేరు మీద వచ్చింది, యూనివాక్స్ సూపర్-ఫజ్, ఎలక్ట్రో-హార్మోనిక్స్ బిగ్ మఫ్. సూపర్-ఫజ్ ఒక ఆక్టేవ్ పైస్వరాన్ని కూడా కలుపుతుంది, కాబట్టి పూర్తి కార్డ్‌లు వాయిస్తే ముద్దయిపోతుంది. రెండు తీగల పవర్ కార్డ్‌లే వాయించండి. బిగ్ మఫ్ మధ్య శ్రుతులను తగ్గిస్తుంది. గదిలో ఒక్కడే వాయిస్తే ఘనంగా ఉండి, బ్యాండ్‌లో కలిసేసరికి గిటార్ మాయమయ్యేది అందుకే. ఆంప్ మీద మిడ్ పెంచండి, లేదా మఫ్ లేకుండా ఇంకో గిటార్ ట్రాక్ పక్కన వేయండి.

అమెరికాలో అనుమతి ఎలా?

ఒకసారి అనుమతితో రికార్డై అమెరికాలో విడుదలైన పాటను ఎవరైనా మళ్లీ రికార్డు చేయవచ్చు. అక్కడి కాపీరైట్ చట్టం 115వ సెక్షన్ కింద ఇది తప్పనిసరి లైసెన్స్. హక్కుదారు కాదనలేడు, కానీ నిర్ణీత రుసుము కట్టాలి. దీన్ని మెకానికల్ రాయల్టీ అంటారు. చాలా ఏళ్లు కాపీకి 9.1 సెంట్లు ఉండేది; 2023లో 12 సెంట్లు, 2024లో 12.4, 2025లో 12.7 సెంట్లు అయింది. ఐదు నిమిషాల లోపు పాటకు ఈ రేటు, అంతకు మించితే నిమిషాల లెక్క.

500 కాపీలకు 2025 రేటున ఒక్కో పాటకు 63.50 డాలర్లు. రెండు పక్కలకూ కలిపి 127 డాలర్లు. రికార్డు మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్న భాగం. అయినా ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే, అది న్యాయం కాదు. ఆ పాట రాసినవాళ్లలో చాలామందికి రికార్డుల మీద ఎప్పుడూ పెద్దగా డబ్బు రాలేదు.

రుసుము కట్టడానికి తేలిక దారి హ్యారీ ఫాక్స్ ఏజెన్సీ వారి సాంగ్‌ఫైల్ అనే సేవ. అక్కడ 25 నుంచి 2,500 కాపీల దాకా చిన్న లైసెన్స్‌లు ఇస్తారు. పాట అక్కడ లేకపోతే పబ్లిషర్‌కు నేరుగా నోటీసు పంపాలి, అదీ రికార్డులు అమ్మకానికి వెళ్లకముందే. ఈ లైసెన్స్ మీ బ్యాండ్ తీరుకు తగ్గట్టు వాయింపు మార్చుకోనిస్తుంది. మూల బాణీని, పాట స్వభావాన్ని మార్చనివ్వదు. పంక్ పాటల్లో నాయకుల పేర్లు తీసేసి కొత్త నాయకుల పేర్లు పెట్టడం వేదిక మీద అలవాటు. రికార్డులో అలా చేయాలంటే పబ్లిషర్‌ను అడగాలి.

బ్రిటన్‌లో ఈ పని ఎంసీపీఎస్ అనే సంస్థ చూస్తుంది. అక్కడ రుసుము కాపీ లెక్కన కాక, డీలర్ ధరలో (దుకాణాలకు అమ్మే ధర) 8.5 శాతంగా లెక్కిస్తారు. ఆ 8.5 శాతాన్నే రికార్డులోని పాటలన్నీ పంచుకుంటాయి.

ఇండియాలో వేస్తే?

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చిన 31సి సెక్షన్ కవర్ వెర్షన్లకు చట్టబద్ధ లైసెన్స్ ఇస్తుంది. కానీ షరతులు చిన్న బ్యాండ్‌కు అందేవి కావు.

మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. ముందస్తు నోటీసు ఇచ్చి, అట్టల, లేబుళ్ల నమూనాలు పంపి, రాయల్టీ ముందే కట్టాలి. కాపీలు తయారుచేసే ప్రతి సంవత్సరానికీ కనీసం 50,000 కాపీల రాయల్టీ చెల్లించాలి. పాట చేరగల పరిధిని బట్టి ఈ కనీస సంఖ్యను తగ్గించే వీలు చట్టంలో ఉన్నా, 300 కాపీల కోసం ఆ ప్రక్రియలో దిగడం అర్థం లేని పని. మునుపటి రికార్డింగ్ ఏ మాధ్యమంలో వచ్చిందో అదే మాధ్యమంలో వేయాలన్న నిబంధన కూడా ఉంది. ఆ మాధ్యమం వాడకంలో లేకపోతేనే మినహాయింపు.

ఇంకో షరతు చాలామంది గమనించరు. ఈ సెక్షన్ కింద వేసే రికార్డు అట్ట మీద అది కవర్ వెర్షన్ అని రాయాలి, కానీ మూల పాట పాడిన వారి పేరు గానీ బొమ్మ గానీ ఉండకూడదు. పంక్ కవర్ రికార్డు అట్ట మీద అందరూ చేసే మొదటి పని 'ఫలానా బ్యాండ్ పాట' అని వేయడమే. ఆ ఒక్క లైనుతో లైసెన్స్ షరతు తప్పినట్టే.

అందుకే మా సలహా: 31సి జోలికి పోకుండా పబ్లిషర్‌తో నేరుగా ఒప్పందం చేసుకోండి. విదేశీ పంక్ పాట అయితే ఆ పబ్లిషర్‌కు ఇండియాలో ప్రతినిధి ఎవరో ఐపీఆర్‌ఎస్ (ఇక్కడి పాట రచయితల, పబ్లిషర్ల హక్కుల సంస్థ) ద్వారా తెలుసుకోవచ్చు. ఉత్తరంలో ఐదు సంగతులు ఉండాలి: పాట పేరు, రచయితలు, ఎన్ని కాపీలు, ఏ రూపంలో, ఏ దేశాల్లో అమ్ముతారు. ఈ ఐదూ మొదటి ఉత్తరంలోనే ఉంటే జవాబు త్వరగా వస్తుంది. లేకపోతే ఇవే అడుగుతూ తిరుగు ఉత్తరం వస్తుంది.

పంక్ పాటను తెలుగులోకి మార్చి పాడొచ్చా?

పాడొచ్చు, కానీ పబ్లిషర్ రాతపూర్వక అనుమతితోనే. అనువాదం వేరే హక్కు. అమెరికా 115వ సెక్షన్ గానీ, మన 31సి గానీ దాన్ని ఇవ్వవు. అనుమతి అడిగేటప్పుడు తెలుగు సాహిత్యంతో పాటు దాని ఇంగ్లిషు అర్థం లైను లైనుకీ రాసి పంపండి. పబ్లిషర్ చూడాలనుకునేది తన పాటలో ఏం మాటలు చేరాయన్నదే. కొత్త సాహిత్యం మీద హక్కు కూడా తమకే రాసివ్వమని పబ్లిషర్లు అడగడం మామూలు. సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి.

45 వేగమా, 33⅓ వేగమా? పాట ఎంత పొడవు ఉండొచ్చు?

ముందు లెక్క చూద్దాం. 7 అంగుళాల రికార్డులో పాట పట్టే గాడి, మధ్య నుంచి సుమారు 84 మిల్లీమీటర్ల దూరంలో మొదలై 54 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. అంటే చేతిలో ఉన్నది 30 మిల్లీమీటర్ల పట్టీ.

రెండు నిమిషాల పాట 45 వేగంలో 90 చుట్లు. 30ని 90తో భాగిస్తే చుట్టుకు 0.33 మిల్లీమీటర్ల చోటు. ఐదు నిమిషాల పాటకు 225 చుట్లు, చుట్టుకు 0.13 మాత్రమే. శబ్దం పెద్దదైనకొద్దీ, బేస్ పెరిగినకొద్దీ గాడి ఎక్కువగా అటూ ఇటూ ఊగుతుంది. చోటు లేకపోతే పక్క గాడిని తాకుతుంది, ముల్లు ఎగిరిపడుతుంది. అది జరక్కుండా, గాడి కోసే కటింగ్ ఇంజనీరు శబ్దం తగ్గిస్తాడు. పొడుగు పాట చిన్న శబ్దంతో వినిపించి, అడుగున సర్రుమనే రొద పైకి తేలేది ఇందుకే.

ఇంకొకటి. రికార్డు తిరిగే వేగం మారకపోయినా, లోపలికి వెళ్లేకొద్దీ ముల్లు కింద గాడి కదిలే వేగం తగ్గుతుంది. 45లో బయటి అంచున సెకనుకు దాదాపు 396 మిల్లీమీటర్లు, లోపలి అంచున 254. అదే 33⅓ వేగంలో లోపలి అంచున 188కి పడిపోతుంది. వేగం తగ్గినచోట పై శ్రుతులు ఇరుక్కుపోతాయి. సింబల్స్ చిరిగినట్టు, 'స' శబ్దాలు ఉమ్మినట్టు వినిపిస్తాయి.

ఇక్కడే పొట్టి పంక్ పాట గెలుస్తుంది. రెండు నిమిషాల పాటకు చుట్టుకు 0.2 మిల్లీమీటర్ల చోటిచ్చినా 18 మిల్లీమీటర్లే ఖర్చవుతుంది. పాట 66 మిల్లీమీటర్ల దగ్గరే, అంటే ఇంకా సెకనుకు 311 మిల్లీమీటర్ల వేగం ఉన్న చోటే ముగిసిపోతుంది. చెడ్డ ప్రాంతంలోకి ముల్లు అసలు అడుగే పెట్టదు. పంక్‌కూ 7 అంగుళాల రికార్డుకూ ఇంత పొత్తు కుదరడానికి ఇది భౌతికమైన కారణం.

కాబట్టి 45 వేగమే తీసుకోండి. పక్కకు మూడున్నర నిమిషాల దాకా హాయిగా, నాలుగున్నర దాకా పర్వాలేదు. ఆ పైన శబ్దం పోగొట్టుకోవడం మొదలవుతుంది. ఒక పక్క 45, మరో పక్క 33⅓ పెట్టడం కుదురుతుంది గానీ, వేగం రెండు పక్కల లేబుల్ మీదా పెద్ద అంకెలతో వేయకపోతే తప్పు వేగంలో వినేవాళ్లే ఎక్కువ.

మాస్టర్ ఫైల్ ఎలా పంపాలి?

మాస్టర్ అంటే ఫ్యాక్టరీకి వెళ్లే తుది రికార్డింగ్. 24 బిట్ వేవ్ ఫైల్, మీరు రికార్డు చేసిన శాంపిల్ రేటులోనే. పక్కకొక ఫైల్. స్ట్రీమింగ్ కోసం లిమిటర్‌తో (పెద్ద శబ్దాలను అణిచే పరికరం) నొక్కేసిన మాస్టర్ పంపవద్దు. డిజిటల్‌లో ఎంత బిగించినా రికార్డు మీద శబ్దం పెరగదు. ఎంత లెవెల్‌లో కోయాలన్నది కటింగ్ ఇంజనీరే నిర్ణయిస్తాడు. పైగా నలిగిన అలలు కటింగ్ హెడ్‌ను వేడెక్కిస్తాయి, అతను ఇంకా తగ్గిస్తాడు.

రికార్డు కోసేటప్పుడు ఆర్‌ఐఏఏ కర్వ్ అనే ప్రమాణం ప్రకారం బేస్ తగ్గించి, పై శ్రుతులు బాగా పెంచుతారు. ఇంట్లో ప్లేయర్ దానికి తలకిందులు చేస్తుంది. అందుకే మిక్స్‌లో కొంచెం ఎక్కువైన హై-హ్యాట్ కోత దగ్గరకొచ్చేసరికి పెద్ద సమస్య అవుతుంది. గొంతు మీద, 'స' శబ్దాలను తగ్గించే డీ-ఎస్సర్ 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య వాడండి. బేస్ గిటార్, కిక్ డ్రమ్ మధ్యలోనే ఉండాలి. 150 హెర్ట్జ్ కింద మొత్తం మోనో (ఎడమ, కుడి రెండింటా ఒకే శబ్దం) చేయండి. ఎడమ, కుడి బేస్ ఎదురెదురుగా కొట్టుకుంటే గాడి లోతు మారి, ఒక చోట మరీ పలచనై ముల్లు జారిపోతుంది. రెండు ఫజ్ గిటార్లను పూర్తిగా ఎడమకూ కుడికీ తోసే బ్యాండ్లు ఒకసారి మోనోలో విని చూసుకోవాలి. గిటార్ మాయమైతే ఫేజ్ తప్పినట్టు, అంటే రెండు అలలు ఒకదాన్నొకటి చంపుకుంటున్నట్టు.

రెండు బ్యాండ్ల శబ్దం వేర్వేరుగా ఉంటే?

ఉండనివ్వండి, స్ప్లిట్ అందం అదే. లెవెల్ మాత్రం దగ్గర దగ్గరగా ఉండాలి. రెండు ఫైళ్లనూ ఒకే మాస్టరింగ్ ఇంజనీరుకు, ఒకే రోజు చూసేలా ఇవ్వండి. ఒక పక్క ఒకటిన్నర నిమిషం, మరో పక్క నాలుగున్నర ఉంటే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పొట్టి పక్కను కొంచెం తగ్గించి కోయమని ముందే రాసివ్వండి.

ఏ పక్క ఎవరిది?

గొడవలు వచ్చే ప్రశ్న. రెండూ మొదటి పక్కలే అన్నట్టు 'ఎ', 'ఎఎ' అని వేయడం పాత పరిష్కారం. 'ఈ పక్క', 'ఆ పక్క' అని వేసినా సరిపోతుంది. ఫ్యాక్టరీకి మాత్రం ఎ, బి కచ్చితంగా తేల్చి చెప్పాలి. లేకపోతే ఒకరి లేబుల్ మరొకరి పాట మీద పడుతుంది, స్ప్లిట్‌లలో తరచూ జరిగే పొరపాటు ఇదే. రెండు పక్కల గాడి చివర చెక్కే అక్షరాల్లో కేటలాగ్ నంబరుతో పాటు ఎ, బి ఉండేలా చూడండి. ఆ ఖాళీ చోట ఒక మాట చెక్కించుకోవడం ఈ లోకపు ముచ్చట. నిర్వాణ – ఫ్లూయిడ్ స్ప్లిట్ మీద 'లేటర్' అని చెక్కి ఉంటుంది.

ఫ్యాక్టరీలో ఏం జరుగుతుంది?

అల్యూమినియం పళ్లెం మీద లక్క లాంటి నైట్రోసెల్యులోజ్ పూత పూసి, దాని మీద గాడి కోస్తారు. ఆ పళ్లేన్ని లాకర్ అంటారు. దాని మీద వెండి చల్లి, నికెల్ పూత పెంచి విడదీస్తే గాడి గట్టులా ఉబ్బిన అచ్చు వస్తుంది, అది ఫాదర్. దాని నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్. రెండు స్టాంపర్ల మధ్య, లేబుల్ కాగితాలతో సహా, వేడి పీవీసీ ముద్దను నొక్కుతారు. లేబుల్‌కు జిగురు ఉండదు, వేడికే అతుక్కుంటుంది. అందుకే లేబుల్ కాగితాన్ని ముందు బాగా ఎండబెడతారు. తడి మిగిలితే బుడగలు వస్తాయి.

ఒక స్టాంపర్ నుంచి దాదాపు వెయ్యి కాపీలు తీయవచ్చు. డీఎంఎం (డైరెక్ట్ మెటల్ మాస్టరింగ్) పద్ధతిలో నేరుగా రాగి మీద కోస్తారు, రెండు మెట్లు తగ్గుతాయి. శబ్దం కాస్త పదునుగా ఉంటుంది. ఫజ్ ఎక్కువున్న పాటకు లాకరే మేలని మా అభిప్రాయం. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కాలిపోయాక లాకర్లు తయారుచేసే పెద్ద సంస్థ జపాన్‌లో ఒక్కటే మిగిలింది. ఫ్యాక్టరీలు తేదీలు దూరంగా ఇవ్వడానికి అది ఒక కారణమైంది.

టెస్ట్ ప్రెసింగ్‌లో ఏం వినాలి?

అసలు ముద్రణకు ముందు ఐదు నుంచి పది కాపీలు పంపుతారు. రెండు బ్యాండ్లూ, ఇంజనీరూ వేర్వేరు ప్లేయర్ల మీద వినాలి. ఒక టక్కుమనే చప్పుడు అన్ని కాపీల్లోనూ అదే చోట వస్తే లోపం స్టాంపర్‌లోనో, అంతకుముందు మెట్టులోనో ఉంది, కొత్తది చేయించాలి. ఒక్క కాపీలోనే వస్తే అది దుమ్ము, వదిలేయండి. స్వరం మెల్లగా పైకీ కిందకీ ఊగుతుంటే రంధ్రం మధ్యలో పడలేదు. టోన్ ఆర్మ్‌ను పక్క నుంచి చూస్తే అది కూడా అటూ ఇటూ ఊగుతుంది. జిప్ లాగినట్టు చిర్రుమంటే పీవీసీ గాడి అంతా నిండలేదు, నొక్కే వేడి, సమయం సరిచేయాలి.

'ఏ పక్క, మొదలై ఎన్ని సెకన్లకు, ఎన్ని కాపీల్లో' అని రాసి పంపండి. 'శబ్దం బాగాలేదు' అన్న ఫిర్యాదుతో ఫ్యాక్టరీ ఏమీ చేయలేదు.

ఎన్ని కాపీలు వేయించాలి? ఎలా పంచుకోవాలి?

300 నుంచి 500. కోత, పూత, స్టాంపర్ల ఖర్చు 100కైనా 1,000కైనా ఒకటే. కాబట్టి 100 కాపీలు వేస్తే ఒక్కోటి చాలా ఖరీదు పడుతుంది. ఖర్చు కంపెనీ భరిస్తే బ్యాండ్‌లకు రాయల్టీకి బదులు చెరో 10 శాతం కాపీలు ఇవ్వడం ఈ లోకంలో వాడుక. 500 వేస్తే చెరో 50.

కాగితం మీద రాసుకోవాల్సినవి: మాస్టర్ హక్కు ఏ బ్యాండ్‌ది ఆ బ్యాండ్‌కే, డిజిటల్ ఎవరు విడుదల చేస్తారు, మళ్లీ ముద్రించాలంటే ఎవరి సమ్మతి కావాలి, కవర్ రాయల్టీ ఎవరు కడతారు. చివరిదాన్ని వదిలేస్తే, అవతలివాళ్లు కట్టారనుకుని ఇద్దరూ కట్టరు. రెండు మాస్టర్లూ చేతికి వచ్చేదాకా ఫ్యాక్టరీలో తేదీ తీసుకోవద్దు. స్ప్లిట్‌లు ఆగిపోయేది డబ్బు లేక కాదు, ఒక బ్యాండ్ పాట పూర్తి చేయక.

అట్ట ఎలా ఉండాలి?

చవకైనది, అందమైనది ఒకటే: ఒకే కాగితాన్ని మధ్యకు మడిచి, రికార్డుతో కలిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టడం. విప్పితే సుమారు 36 × 18 సెంటీమీటర్లు, అంచు చుట్టూ కోతకు 3 మిల్లీమీటర్లు వదలాలి. 150 నుంచి 170 జీఎస్‌ఎం కాగితం చాలు. 250 దాటితే ముందుగా గీత నొక్కకుండా మడిస్తే రంగు పగులుతుంది. రెండు బ్యాండ్లకూ ముఖచిత్రం ఉండాలంటే రెండు వైపులా ముఖచిత్రాలే పెట్టి, వివరాలు లోపలి వైపు వేయండి. రచయితల పేర్లు, పబ్లిషర్ పేరు తప్పక ఉండాలి.

రికార్డు మధ్య రంధ్రం పెద్దదా, చిన్నదా?

అమెరికా 45లకు పెద్దది, 38 మిల్లీమీటర్లు. బ్రిటన్, ఇండియా కొనుగోలుదారులకు చిన్నది, 7 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. పెద్దదైతే అడాప్టర్ కావాలి. అది లేనివాళ్లు రికార్డును అంచనాగా మధ్యలో పెడతారు, స్వరం ఊగుతుంది. ఇక్కడ అమ్మేట్టయితే చిన్న రంధ్రమే అడగండి.

పాత స్ప్లిట్‌లు కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందు గాడి చివర చెక్కిన అక్షరాలు. చేత్తో గీసినవి, అచ్చు పడినవి వేర్వేరుగా కనబడతాయి. వాటి ఫొటో ఇవ్వనంటే కొనకండి. సబ్ పాప్ తొలి సింగిల్స్‌కు దొంగ ముద్రణలు ఉన్నాయి. నిర్వాణ మొదటి సింగిల్ అసలు కాపీలు 1,000, చేత్తో నంబరు వేసినవి. దొంగ కాపీల్లో అట్ట అసలు అట్టను స్కాన్ చేసి తీసినది కాబట్టి భూతద్దం కింద అక్షరాల అంచులు చుక్కలు చుక్కలుగా చెదిరి ఉంటాయి. అసలు అచ్చులో నల్ల అక్షరం అంచు తిన్నగా ఉంటుంది.

రికార్డును కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. సన్నని వెంట్రుక గీతలు చాలావరకు వినిపించవు. గాడికి అడ్డంగా, గోటికి తగిలే గీత ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది.

స్ట్రీమింగ్‌లో, వీడియోలో పెట్టొచ్చా?

రికార్డు కోసం తీసుకున్న మెకానికల్ లైసెన్స్ రికార్డుకే. అమెరికాలో స్ట్రీమింగ్ మెకానికల్ రుసుమును ఆ స్ట్రీమింగ్ సేవలే ఎంఎల్‌సీ (ఈ రుసుము వసూలు చేసి పంచే సంస్థ) ద్వారా రచయితలకు చేరుస్తాయి. మీ పని రచయితల పేర్లు, పాట వివరాలు తప్పుల్లేకుండా నింపడం. డౌన్‌లోడ్‌లు మీ సొంత పేజీ నుంచి అమ్మితే వాటికి విడిగా లైసెన్స్ తీసుకోండి. వీడియోకు సింక్ (పాటను దృశ్యంతో కలిపే) అనుమతి కావాలి. అది తప్పనిసరి లైసెన్స్ కిందకు రాదు, పబ్లిషర్ కాదనవచ్చు, ఎంతైనా అడగవచ్చు. అందుకే మెకానికల్ కోసం రాసే మొదటి ఉత్తరంలోనే వీడియో సంగతి కూడా అడిగేయండి.